నాలుగు తలుపుల ఇంజను

పదిహేడో నంబరు బండి కింద బయల్దేరింది. కొండెక్కే కార్ల పందెం ఇది, మా ఆవిడది ఇరవై మూడు. ఒక బండి పైకి చేరాకే ఇంకోదాన్ని వదులుతారు కాబట్టి నాకింకా దాదాపు అరగంట ఉంది, ఈ కొండ మీద, ముగింపు గీతకు పదడుగుల అవతల, పిట్టగోడ మీద కూర్చుని, చెవులు కిందికి వేసుకుని. కళ్ళతో ఇక్కడ పని లేదు. రోడ్డు పద్నాలుగు మలుపులు తిరిగి పైకి వస్తుంది, చివరి మలుపు తప్ప మిగతావన్నీ చెట్ల వెనకే. చెవికి మాత్రం అంతా బాగా వినపడుతుంది, లోయ గిన్నెలా ఉంది, అడుగున చప్పుడైతే అంచుకు చేరుతుంది. ముప్పై ఏళ్ళుగా ఇంజన్ల మీద చెవి పెట్టి బతుకుతున్నవాణ్ణి. నన్ను షెడ్లలో చెవి మేస్త్రి అంటారు. మొదట్లో వెక్కిరింపుకే పెట్టారు ఆ పేరు, తరవాత గౌరవం అయింది, ఆ గౌరవమే నిన్న సాయంత్రం నా చేత చేయకూడని పని చేయించింది. పదిహేడోది రెండో మలుపు దాటింది. గేరు మార్చడం ఆలస్యం. ఎవరో కుర్రవాడు, చేతికి తొందర లేదు కానీ కాలికి ఉంది.

ఇక్కడ కూర్చోమని నాకెవరూ చెప్పలేదు. మేస్త్రులు కింద బయల్దేరే చోట ఉండవచ్చు, మలుపుల దగ్గర తాళ్ళ వెనకా నిలబడవచ్చు. పదకొండో మలుపు దగ్గర నిలబడే ధైర్యం లేక పైకొచ్చాను. పోయినేడు మా ఆవిడ బండి ఆ మలుపులోనే తిరగబడింది. తిరగబడటమంటే బోల్తా కాదు, వెనక చక్రాలు ముందుకొచ్చి, పక్కవాటుగా వెళ్ళి రాతిగోడకు తగిలింది. మెడ కింద ఎముక విరిగింది. ఆ రోజు పొద్దున నేను దేవుణ్ణి అడిగాను, క్షేమంగా పైకి చేర్చు స్వామీ అని, పేరు పెట్టి, నంబరు చెప్పి మరీ అడిగాను. చేరలేదు. తరవాత చాలా రోజులు అనుకున్నాను, ఆయన కాపాడటం వల్లే ఎముకతో పోయిందని. నిజమే కావచ్చు. అయితే ఆ ఇంజను నేను కట్టింది. పైకి చేరి ఉంటే నా పనితనం అని లోలోపల పొంగిపోయేవాణ్ణే కదా, గోడకు తగిలితే మాత్రం అది ఆయన చిత్తమా? రెండింటికీ ఒకే లెక్క ఉండాలి. అందుకే ఈ పొద్దున చేతులు జోడించాను గానీ ఏమీ అడగలేదు. అడగకుండా నిలబడటం కూడా ప్రార్థనేనా, లేక అలిగినట్టా? పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు, ఎవరినైనా అడుగుదామంటే నవ్వుతారేమో. పదిహేడోది వచ్చేసింది, పొగతో, టైర్ల వాసనతో. వాడి ముఖం చెమటలో మెరుస్తోంది. చల్లగా ఉండు నాయనా.

పద్దెనిమిది. ఇది టర్బో లేని పాత బండి, గొంతు బొంగురైనా నిజాయితీ ఉంది, తొక్కినంత పలుకుతుంది. మా ఆవిడ ఇంజనును అడిగేదీ అదే. ఆవిడ ఇరవై రెండేళ్ళు ఆసుపత్రి అంబులెన్సు నడిపింది. ఎక్కడ తొక్కాలో ఎక్కడ వదలాలో ఆవిడ కాలికి తెలిసినంత నా చేతికి తెలియదు. ఎముక అతుక్కునేవరకు మూడు నెలలు ఇంట్లో కూర్చుంది. చేయి ఎత్తలేదు కాబట్టి రోజూ నేనే జడ వేసేవాణ్ణి. ఇంజను వైర్లు కట్టగట్టినట్టు కట్టారు, ఇంక టేపు చుట్టడమే తక్కువ అనేది అద్దంలో చూసుకుని. ఒకరోజు వంటింట్లోంచి నన్ను పిలిచింది. నేను ఆ అన్నాను, వస్తున్నా అన్నాను, వెళ్ళేసరికి ఒంటి చేత్తోనే డబ్బా దించేసుకుంది. అప్పుడంది, కోపంగా కాదు, ఏదో కనిపెట్టినట్టు, "ఆ ఇంజను అచ్చం మీలాగే ఉందండీ. పిలిస్తే ఆ అంటుంది. వచ్చేసరికి ఆ పని అయిపోయుంటుంది." మలుపు సగంలో ఉన్నప్పుడు తొక్కితే శక్తి మలుపు దాటాక వస్తోందట. అందుకని ఆవిడ ముందే తొక్కడం నేర్చుకుంది, ఎంత ఆలస్యమవుతుందో ఊహించి, అంత ముందుగా. పదకొండో మలుపులో ఊహ తప్పింది. చక్రాలు ఇంకా వంకరగా ఉండగానే మొత్తం ఒక్కసారి వచ్చి పడింది. అంబులెన్సులో ఎప్పుడూ ఊహించి తొక్కలేదండీ నేను, అంది. తొక్కిన చోట పలికే ఇంజను ఉంటే మళ్ళీ ఎక్కుతాను, లేకపోతే ఇంక ఎక్కను, అబ్బాయి కూడా వద్దంటున్నాడు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ఎక్కకపోతే నాకూ నిశ్చింతే. కానీ ఎక్కనని ఆవిడ అన్నప్పుడు ఆ ముఖం చూడాలి. నా చేతిపని మీద నమ్మకం పోయి ఆవిడ మానుకుంటే ఆ నిశ్చింతతో నేనేం చేసుకోను?

ఇంజనులోకి గాలి వెళ్ళే దారిలో ఒక గుండ్రటి రేకు తలుపు ఉంటుంది. దాన్నే థ్రాటిల్ అంటారు. కాలితో తొక్కితే తెరుచుకుంటుంది. మామూలుగా నాలుగు సిలిండర్లకూ కలిపి ఒకటే తలుపు, అదీ దూరంగా. తలుపు తెరిచాక గాలి ఖాళీ గది నింపి, గొట్టాలు నింపి, అప్పుడు సిలిండరు నోటికి చేరాలి. టర్బో అంటే పోయే పొగతో తిరిగే చక్రం, అది బయటి గాలిని లోపలికి కుక్కుతుంది. ఎంత కుక్కినా తలుపు దూరంగా ఉంటే ఆ ఖాళీ ఖాళీయే. ఆ ఒక్క తలుపు తీసేసి, నాలుగు నోళ్ళకూ నాలుగు తలుపులు పెడితే? కుక్కిన గాలి సరిగ్గా గడప బయట కాచుకుని ఉంటుంది, తీయగానే లోపల. ఇది నేను కనిపెట్టింది కాదు, టర్బో లేని పందెం బళ్ళకు ఎప్పటినుంచో ఉంది. టర్బోకి పెట్టడమే వృథా అంటారు చాలామంది. మా బావమరిది అందులో మొదటివాడు. అక్క కన్నా ఆరేళ్ళు చిన్న, అదే తరగతిలో పోటీ, పోయినేడు మొదటి స్థానం వాడిదే. షెడ్డుకు వచ్చి, పాత పెద్ద మోటారు సైకిలు నుంచి విప్పిన నాలుగు థ్రాటిళ్ళు బల్ల మీద చూసి నవ్వాడు. వెనకనుంచి తోసేవాడున్నాక ఎన్ని తలుపులైతే ఏంటి బావా అన్నాడు. చక్రం తిరగడానికి పట్టే సమయం పోదు కదా అన్నాడు. పోదు. ఆ మాట నేనూ ఒప్పుకున్నాను. అది పోదు, కానీ మలుపులో కాలు తీసి మళ్ళీ పెట్టే ఆ రెప్పపాటులో ముందే కుక్కిన గాలి ఆ తలుపుల ముందు బిగించే రేకు పెట్టెలో ఉంటుంది కదా అన్నాను. ఉంటే చూద్దాం అని తల గోక్కున్నాడు. వాడే పంతొమ్మిదో నంబరు. బయల్దేరాడు. ఇంజను బాగా కట్టుకున్నాడు, అబద్ధం చెప్పకూడదు, నిండుగా ఉంది.

మోటారు సైకిలు థ్రాటిళ్ళు గాలిని పీల్చడానికి పుట్టినవి, లోపలినుంచి ఒత్తిడి తట్టుకోవడానికి కాదు. తలుపులు తిరిగే ఇరుసుల కొసల నుంచి గాలి కారిపోతుంది. సబ్బునీళ్ళు పూసి, పెట్టెలోకి గాలి కొట్టి చూస్తే ఇరుసు ఇరుసుకీ బుడగలు, స్నానాల గదిలా తయారైంది షెడ్డు. ఆ ఇరుసుల రబ్బరు వలయాలు మార్చడానికే రెండు వారాలు. నాలుగు నోళ్ళ మీదా రేకు పెట్టె, దానికి పద్నాలుగు బోల్టుల మూత. ఎంత తొక్కితే ఎంత పెట్రోలో లెక్క రాసే కంప్యూటర్ మేడం ఉంది, ముప్పై దాటని పిల్ల, నన్ను మేస్త్రిగారూ అంటుంది, మాట మెత్తన, లెక్క గట్టి. నా వంతు నాలుగు తలుపులనూ సమానంగా తెరవడం. నా పద్ధతి అందరికీ తెలిసిందే. మూరెడు రబ్బరు గొట్టం, ఒక కొస చెవిలో, ఒక కొస థ్రాటిల్ నోటి దగ్గర. గాలి బుస ఒకేలా వినపడేదాకా స్క్రూ తిప్పడం. నాలుగూ సమానం చేశాను. మొదటి పరీక్షలోనే నాలుగో సిలిండరులో నిప్పు రాజేసే ప్లగ్గు విప్పి చూస్తే సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. గాలి ఎక్కువై పెట్రోలు చాలలేదన్నమాట, అలాగే వదిలితే పిస్టన్ కరుగుతుంది. నేను వాదించాను. నాలుగూ సమానమే, నా చెవి అబద్ధం చెప్పదు అన్నాను. మేడం కాసేపు విని, "మీరు మూత తీసి వింటున్నారు మేస్త్రిగారూ. అది మూత వేసుకుని పరిగెడుతుంది" అంది.

పంతొమ్మిదోది పదకొండో మలుపు చేరింది. కాలు తీశాడు. మళ్ళీ పెట్టాడు. ఇదిగో, ఈ ఖాళీ. ఊఁ అని మూలుగు, మూలుగు, అప్పుడు బోరున వచ్చింది. ఆ మూలుగు ఉన్నంతసేపూ పిట్టగోడ అంచు పట్టుకుని ఉన్నాను, పరాయి బండైనా, నడిపేది నన్ను చూసి నవ్వినవాడే అయినా. దాటాడు. వచ్చి గీత దాటాడు. నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు, ఇప్పటివరకు అందరికన్నా ముందు. బండి పక్కన పెట్టి, శిరస్త్రాణం చంకలో పెట్టుకుని వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. నన్ను చూసి నవ్వలేదు. అక్క ప్రాక్టీసు పరుగు ఎందుకు మానుకుంది బావా అన్నాడు. తరవాత చెబుతాను అన్నాను. ఇరవైని వదిలారు.

ఎలా చెప్పడం? మేడం మాట నిజమే. మూత వేశాక గాలి పెట్టెలోకి ఒక కొసనుంచి దూకుతుంది, మూడు నోళ్ళ ముందునుంచి జారిపోయి చివరి గోడకు కొట్టుకుని నాలుగోదాని ముందు పోగుపడుతుంది. నాలుగింటికీ ఒకే కొలత ఇవ్వడమే న్యాయమనుకున్నాను, ఆ ఒకే కొలత వల్లే ఒకటి మాడిపోతోంది. మనుషులకు దేవుడు ఒకే కొలత ఎందుకివ్వలేదని చిన్నప్పటినుంచీ నాకో సందేహం. ఆయన మూత వేసి ఉన్నప్పటి లెక్క చూస్తాడేమో, మనం మూత తీసి విని తప్పు పడుతున్నామేమో. ఏమో. రేకు పెట్టెకూ ఆయనకూ పోలికేమిటి, చెంపలు వేసుకోవాలి. ఏమైతేనేం, నాలుగోదాని స్క్రూ పావు చుట్టు వెనక్కి తిప్పాం, మేడం కొంచెం పెట్రోలు కలిపింది, ప్లగ్గులు నాలుగూ లేత గోధుమరంగుకొచ్చాయి. పరిగెడితే బంగారం. కానీ నిలబెట్టినప్పుడు మాత్రం ఇంజను కుంటుతుంది. మూడు సమంగా, ఒకటి కాస్త సన్నగా. వినేవాళ్ళకు వినపడుతుంది. నిన్న సాయంత్రం కింద డేరాల్లో మూత రబ్బరు మార్చడానికి విప్పి ఇంజను ఆడించాను. పక్క డేరాలో మేస్త్రులు. ఒకడు అన్నాడు, చెవి మేస్త్రి బండి కుంటుతోందిరోయ్ అని. నవ్వులు. గొట్టం చెవిలో పెట్టుకున్నాను, నాలుగోది సన్నగా వినిపించింది, చేతిలో స్క్రూడ్రైవరు ఉంది. అంతే. ముప్పై ఏళ్ళ చెయ్యి. తిప్పుతున్నానని నాకు తెలిసిందా తెలియలేదా అన్నదే పొద్దుటినుంచీ నన్ను నేను అడుగుతున్నది. అలవాటు అనుకుంటే తప్పు చేతిది. ఆ నవ్వులు ఆగాలనుకుంటే తప్పు నాది. నాలుగూ ఒక్క గొంతుతో పలికాయి, పక్క డేరావాడు తల ఊపాడు, నేను మూత వేసి హాయిగా నిద్రపోయాను.

ఇరవై వచ్చింది. ఇరవై ఒకటి వదిలారు, రెండో మలుపులోనే ఆగిపోయింది, తాడు కట్టి లాగుతున్నారట. ఆలస్యం. మా బావమరిది నీళ్ళసీసా ఇచ్చాడు, తాగాను. పొద్దున కళ్ళు మూసుకుని, అడగకూడదనుకుంటూ రెండు చేతులూ జోడించగానే కుడి మణికట్టుకు గుర్తొచ్చింది. మనసుకు కాదు, మణికట్టుకే. పావు చుట్టు. ప్రార్థన సగంలో వదిలి పరిగెత్తాను, అది కూడా తప్పేనేమో, లేక గుర్తుచేసినవాడు వెళ్ళమనే గుర్తుచేశాడేమో. మా ఆవిడ బూట్ల తాళ్ళు కట్టుకుంటోంది. నిన్న నాలుగోదాని స్క్రూ తిప్పేశాను అన్నాను. తల ఎత్తలేదు.

"ఎటు?"

"సమానంగా."

"ఎవరు వింటున్నారని తిప్పారు?"

ఇరవై తొమ్మిదేళ్ళ కాపురం, ఆ ప్రశ్న ఇంకెవరూ అడగలేరు. పక్క డేరావాళ్ళు అన్నాను.

"బాగుందన్నారా?"

"అన్నారు."

"అయితే వాళ్ళనే ఎక్కించండి కొండ" అని లేచింది. అప్పటికే స్పానరు తీసుకుంది. పద్నాలుగు బోల్టుల్లో ఏడు ఆవిడే విప్పింది. పావు చుట్టు వెనక్కి తిప్పాలి, కానీ పాత చోటుకు గుర్తు లేదు. చెవిని నమ్మేవాడు స్క్రూ మీద గీత గీయడు, అదీ నా పొగరే. గుర్తుందా చేతికి అంది. ఉంది అన్నాను. చాలు అంది. మూత బిగించేసరికి ప్రాక్టీసు పరుగు వేళ దాటిపోయింది. ఒక్కసారైనా పరీక్షించకుండా, ఏడాది తరవాత మొదటిసారి, నా మణికట్టు జ్ఞాపకం మీద ఆవిడ కొండ ఎక్కాలి. వద్దులే, మానేద్దాం అందామని నోరు తెరిచాను. ఆవిడ తలకు గుడ్డ చుట్టుకుంటూ నా వైపు చూసింది. మూసుకున్నాను.

ఇరవై రెండు వచ్చి వెళ్ళింది, నేను వినలేదు, ఎవరైనా అడిగితే దాని రంగు కూడా చెప్పలేను. ఇరవై మూడు అని మైకులో పిలిచారు. కింద, చాలా కింద, ఒక కుంటి ఇంజను. ఎంత దూరమైనా గుర్తుపడతాను. మూడు సమంగా, ఒకటి సన్నగా. అలా కుంటుతున్నందుకు దానికి దండం పెట్టాలనిపించింది. జెండా ఊపి ఉంటారు, లేచింది. కుంటు మాయమైంది, నాలుగూ కలిసి ఒకే బట్ట చింపినట్టు పైకి వచ్చాయి. ఒకటో మలుపు. కాలు తీసింది, పెట్టింది, మధ్యలో ఏమీ లేదు. రెండు. ఏమీ లేదు. మా బావమరిది మెడ పక్కకు వంచాడు. మూడు, నాలుగు, తీసింది పెట్టింది, తీసింది పెట్టింది, ప్రతిసారీ గాలి గడప బయటే ఉంది, తీసిన తలుపులోంచి వెంటనే లోపల. ఖాళీ ఏది బావా అన్నాడు వాడు, నన్ను కాదు, లోయను అడిగినట్టు. అయిదులో ఆవిడ పాత ఊహను వదిలేసింది, వినపడుతోంది, ముందే తొక్కడం మానేసింది, మలుపు మధ్యకొచ్చాక, చక్రాలు తిన్నగా అయ్యాకే తొక్కుతోంది, రోగిని వెనక పడుకోబెట్టుకుని నడిపే కాలు అది, తొందర లేదు, అయినా అంత వేగం నేనెప్పుడూ వినలేదు. ఆరు, ఏడు. నా ఒళ్ళంతా చెవి అయింది. ఎనిమిది దగ్గర చెట్లు మింగేశాయి, తొమ్మిదిలో మళ్ళీ తేలింది. నాకు నవ్వొస్తోంది, నవ్వకూడదు, ఇంకా పదకొండు ఉంది. పది. తిన్నని రోడ్డు, గేరు, గేరు, పైకి, ఇంకా పైకి. కాలు తీసింది.

నిశ్శబ్దం.

పెట్టు. ఇంకా నిశ్శబ్దం. ఒక్క సెకను కూడా అయి ఉండదు, కానీ నాలుగు తలుపులూ, పద్నాలుగు బోల్టులూ, పావు చుట్టూ, సబ్బు బుడగలూ అన్నీ అందులో పట్టాయి. మా బావమరిది నా మోకాలు పట్టుకున్నాడు. అడగకూడదనుకున్నవాణ్ణి అడిగేశాను, ఏమడిగానో కూడా మాటలు లేవు, ఒక్క అక్షరమూ లేని అడగడం. అప్పుడు పలికింది. మూలుగు లేదు, తడబాటు లేదు, ఉన్నట్టుండి విరుచుకుపడటమూ లేదు, తిన్నగా, కిందనుంచి పైదాకా ఒకే గీత గీసినట్టు. పన్నెండు, పదమూడు, నేను లేచి నిలబడ్డాను, పద్నాలుగో మలుపులో బండి ముక్కు కనపడింది, ముక్కు వెనక ఆవిడ, గీత దాటింది. నాలుగు నిమిషాల తొమ్మిది సెకన్లు. బోర్డు మీద రాసేవాడు మా బావమరిది పేరు పక్కన ఒకటి చెరిపి రెండు వేశాడు. వాడు దాన్ని చూసి, నన్ను చూసి, ఆ నాలుగు థ్రాటిళ్ళు ఏ మోటారు సైకిలువి బావా అన్నాడు. తరవాత, ఇంకా మెల్లిగా, పదకొండులో మాత్రం ఆగింది, అక్కడ ఖాళీ వచ్చింది అన్నాడు. అవును, వచ్చింది. ఎందుకొచ్చిందో నాకూ తెలియలేదు. ఆనందం మధ్యలో ఆ ముల్లు ఒకటి.

బండి పక్కకు తీసి ఆపింది. శిరస్త్రాణం తీస్తే జుట్టంతా చెమటకు అంటుకుపోయి ఉంది. నేను ముందు పెట్టె మీద చెయ్యి వేశాను, తరవాత గుర్తొచ్చి ఆవిడ భుజం మీద వేశాను. అది చూసి నవ్వింది. పదకొండులో ఏమైంది అని అడిగాను, చెవితో కాదు, నోటితోనే, నేరుగా.

"అది ఇంజనుది కాదండీ, నాదే. గోడకు కొత్త సిమెంటు పూశారు. అది చూస్తూ కాలు మరిచిపోయాను. తొక్కాక మాత్రం తొక్కిన చోటే ఉంది."

మా బావమరిది లెక్కవేసుకుంటున్నాడు, ఆ మరిచిపోయిన సెకను కూడా తీసేస్తే ఎంతవుతుందో. వాడి ముఖంలో ఓడినవాడి బాధ లేదు, షెడ్డులో కొత్త యంత్రం చూసినవాడి ఆకలి ఉంది. మధ్యాహ్నం రెండో పరుగు ఉందని మైకులో చెబుతున్నారు. ఆవిడ నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, మధ్యాహ్నం ఆ గోడ వైపు చూడను అంది, నాతో కాదు, తనతో.

"గోడ సంగతి నేను చూసుకుంటాను. నువ్వు రోడ్డు చూసుకో" అన్నాను. రెండో పరుగుకు ఇంకా రెండు గంటలుంది. అయినా రోడ్డు పక్క కాలిబాట పట్టి, మూడు మలుపులు దిగి పదకొండో దాని దగ్గరికి నడవడం మొదలుపెట్టాను, తాళ్ళ వెనక ముందు వరసలో చోటు దొరకాలి కదా.